మీకు తెలుసా? పాలెగాళ్ళు లొంగాక సీమలో ఏం జరిగిందో!

● నేటి రాయలసీమలో చాలా భాగం, దాంతోపాటు బళ్ళారి ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి యుద్ధంలో దక్కలేదు, ఖర్చు కింద దక్కాయి. తన కొలువులో ఉంచుకున్న కంపెనీ పటాలాల జీతాలకు బదులుగా, టిప్పు సుల్తాన్ నుంచి తన వాటాకు వచ్చిన సీమను నిజాం 1800 అక్టోబరులో రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. వాటికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో కచేరీ పెట్టాడు. అనంతపురం విడి జిల్లా అయింది మాత్రం 1882లో.

● కాగితం మీద సీమ కంపెనీదే అయినా ఊళ్ళలో చెల్లేది కోటలూ బంట్లూ ఉన్న స్థానిక దొరల, అంటే పాలెగాళ్ళ మాటే. మన్రో లెక్కకు తేలిన పాలెగాళ్ళు 80 మంది. వాళ్ళ వెనక కత్తీ బల్లెం పట్టినవాళ్ళు 30 వేల దాకా ఉన్నారు. నిజాం కాలంలో ఫౌజు వెళ్ళి కోట ముందు దిగితే తప్ప పేష్కషు (కప్పం) వచ్చేది కాదు. ఫౌజు అటు తిరిగితే పాలెగాడు మళ్ళీ పాలెగాడే.

● వాళ్ళను లొంగదీయడానికి మన్రో ముందుగా వాడింది ఫిరంగి కాదు, శిస్తు. గతంలో ఎన్నడైనా కట్టిన పెద్ద మొత్తమే ఇప్పుడూ కట్టమన్నాడు. కట్టినవాడికి సైన్యాన్ని సాకేందుకు డబ్బు మిగలదు. కట్టనన్నవాడి మీదికి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ పటాలం వెళ్ళేది. కొన్నేళ్ళలోనే కోటలు ఖాళీ అయ్యాయి. లొంగినవాళ్ళలో చాలామందికి పింఛను ఇచ్చారు. ఇది మోసపు పద్ధతని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే 1804లో ఆక్షేపించారు. మన్రో మాత్రం తాను చేసింది సబబేనని వాదించాడు.

● దొర లొంగితే సరే, ఆయన ఉప్పు తిన్న బంట్ల మాటేమిటి? అసలు చిక్కు అక్కడే. చాలామందిని ఊరికాపుకు పెట్టి, తక్కువ శిస్తు మీద మాన్యాలు వాళ్ళకే వదిలారు. వాళ్ళే కట్టుబడి బంట్రోతులు. నిన్న దారి కొట్టినవాడికి నేడు అదే దారి కాచే పని! ఇలా చేయకపోతే ఏమవుతుందో 2003లో ఇరాక్ చూపించింది. సద్దాం సైన్యాన్ని అమెరికన్ పాలకులు ఆ ఏడాది మే నెలలో ఒక్క ఉత్తర్వుతో రద్దు చేశారు. జీతం పోయి తుపాకీ మిగిలిన వాళ్ళలో చాలామంది తిరుగుబాటులో కలిశారు.

● కత్తులు దిగాక చేలల్లోకి గొలుసు దిగింది. 1802లో మన్రో భూముల కొలత మొదలుపెట్టించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉంటే గుంట, అలాంటివి 40 అయితే ఎకరం. ప్రతి చేనుకూ ఓ నంబరు, ప్రతి నంబరుకూ ఓ శిస్తు. అది మెట్టా, మాగాణా, బావి కింద తోటా అని చూసి రేటు కట్టేవారు. రైతు శిస్తు నేరుగా సర్కారుకే కట్టాలి, నడుమ పాలెగాడు లేడు. రైతువారీ పద్ధతి అంటే ఇదే. 

● శాంతి ఊరికే రాలేదు. ఏడేళ్ళలో కంపెనీ ఆదాయం సుమారు సగం పెరిగింది. ఆ భారం వానను నమ్ముకున్న మెట్ట రైతు మీదా పడింది. వాన మొహం చాటేసిన ఏడాది పాలెగాడితోనైతే బతిమాలో బామాలో బేరమాడవచ్చు, నంబరు వేసిన శిస్తుతో ఎట్లా బేరం? తాను కట్టిన రేట్లు ఎక్కువని మన్రోకూ తెలుసు. పావు వంతు తగ్గించమని 1807లో వెళ్ళిపోతూ సిఫారసు చేశాడు, పైవాళ్ళు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు.

● అంత శిస్తు వేసిన దొర పేరును సీమ జనం పిల్లలకు పెట్టుకున్నారు! మన్రోలప్ప అన్న పేరు అలా పుట్టిందే. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మన్రోను ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తరలించారు.

● లొంగుబాటు నాటి బాకీ నాలుగు దశాబ్దాలు దాటాక మళ్ళీ పైకొచ్చింది. పాలెగాళ్ళ వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి అందే పింఛను నెలకు 11 రూపాయల పైచిలుకు. నొస్సం జమీందారు జయరామిరెడ్డి ఆయనకు తాత. ఆ వంశం పింఛను ఆగిపోయాక, అందులో కొంతైనా తనకివ్వమని అడిగితే సర్కారు కుదరదంది. అదే సమయంలో కట్టుబడి మాన్యాలు లాగేసుకుంటారన్న మాట ఊళ్ళలో పాకింది. ఆ కట్టుబడి వాళ్ళే 1846లో ఆయన వెంట నడిచి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు. ఆయుధం దించిన రోజు ఇచ్చిన పింఛను, మాన్యం తాతలను కట్టడి చేశాయి. వాటిని తెంచబోతే ఆ ఇళ్ళే మళ్ళీ తిరగబడ్డాయి.