కొర్రమీనును గాలముతో పట్టుట: ఎప్పుడు పట్టవలెను, ఎప్పుడు విడువవలెను



మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తియైనది. ఆ కాలువ నీటితో వర్ని, బోధన్ ప్రాంతములలో వరి, చెరకు పండినవి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినది, చెరకు మళ్ళు వరి మళ్ళయినవి. కాని కాలువలు, చెరువులు, మురుగు కాల్వలు, వాటిలోని కొర్రమీను మాత్రము మనకు మిగిలియున్నవి. మన వైపు కొర్రమట్ట అని పిలుచు ఈ చేపను 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర చేపగా ప్రకటించినది. ముండ్లు తక్కువగా ఉండుటచేతను, ప్రాణముతో అంగడికి చేరుటచేతను దీనికి మంచి ధర పలుకును.

ఈ చేపను గాలముతో పట్టు విధానము, పట్టకూడని కాలము రెండును ఇందు తెలుపబడుచున్నవి. రెండవది తెలియనివాడు మొదటిది ఎంత నేర్చినను కొన్ని ఏండ్లకు అతని గాలమునకు చేప చిక్కదు.

చేప స్వభావము

కొర్రమీను మాంసాహారి. చిన్న చేపలను, రొయ్యలను, తోకకప్పలను, పురుగులను తినును. తన జాతి పిల్లలను కూడ విడువదు. ఎరను వెంటాడి అలసిపోదు. తుంగ, తామరల నీడను కదలక పొంచియుండి, దగ్గరకు వచ్చిన దానిపై ఒక్కసారిగా దూకును.

దీనికి మొప్పలు మాత్రమే చాలవు. అప్పుడప్పుడు నీటి పైకి వచ్చి గాలి పీల్చుకొనవలెను. కావుననే బురద నీటిలోను, ఎండిపోవు గుంటలలోను ఇది బ్రతుకును. ఉదయము గట్టుపై కొంతసేపు నిశ్శబ్దముగా కూర్చుండినచో అది పైకి వచ్చు చోటు కనిపించును. మొదట చోటు గుర్తించి, తరువాత గాలము వేయవలెను.

పట్టు విధానము

చెరువు నీరు తగ్గుచుండు కాలము, అనగా మాఘము నుండి వైశాఖము వరకు, గాలమునకు అనుకూలము. తెల్లవారుజామున, ప్రొద్దు గ్రుంకు వేళ చేప ఎరకు వచ్చును. తూము దిగువ గుంటలు, అలుగు క్రింది మడుగులు, కలుపు పెరిగిన అంచులు మంచి చోట్లు.

8 లేక 10 అడుగుల గట్టి వెదురు కర్ర, తెగని నైలాన్ దారము, బలమైన ముల్లు కావలెను. దీని నోట పదునైన పండ్లుండుటచే సన్నని దారము తెగిపోవును. ఎరగా వానపాములు, రొయ్యలు, కోడి ప్రేగులు, చిన్న పరిగెలు వాడవచ్చును. కప్పను వాడకుడు. అది పొలములో పురుగులను తిని పైరును కాపాడు నేస్తము.

మీ నీడ నీటిపై పడనీయక, అడుగుల చప్పుడు లేక నిలువవలెను. ఎరను కలుపు అంచున మెల్లగా వదలి, కొద్దికొద్దిగా కదుపుచుండవలెను. బెండు మునిగిన వెంటనే లాగకుడు. పెద్ద ఎరయైనచో చేప దానిని నోట పట్టుకొని కొంచెము దూరము పోయి మ్రింగును. దారము సాగిపోవుట చూచి అప్పుడు గట్టిగా లాగవలెను. లాగిన తరువాత దారమును సడలింపరాదు. సడలినచో చేప తుంగ వేళ్ళలో దూరి తెంపుకొని పోవును.

పట్టిన చేపను కుండలో ఉంచునపుడు నిండుగా నీరు పోయకుడు. పైన గాలికి చోటుండవలెను. గాలి అందని కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఇది ఎగిరి దూకును గనుక మూతికి పలుచని గుడ్డ కట్టవలెను.

విడువవలసిన కాలము

మృగశిర కార్తె ప్రవేశించు దినమున, జూన్ 8వ తేదీ ప్రాంతమున, చేప తినుట మన వాడుక. ఆనాడు అంగడిలో చేపకు గిరాకి మిక్కుటము. అయితే కొర్రమీను గుడ్లు పెట్టుటకు సిద్ధమగునదియు తొలకరి వానలతోనే. జత చేపలు లోతు లేని అంచున కలుపును తొలగించి గూడు చేయును. గుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలు వచ్చును. ఎర్రని ఈ పిల్లలు గుంపుగా నీటిపై తిరుగుచుండగా పెద్ద చేప క్రిందనే ఉండి సుమారు ఒక నెల కాపలా కాయును.

ఆ సమయమున ఏ ఎర వేసినను కొర్రమీను దానిపై పడును. అది ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకొను కోపముతో. అనుభవము లేనివాడు కూడ అప్పుడు సులభముగా పట్టగలడు. కాని కాపలా పోయిన పిల్లలను జెల్లలు, పరిగెలు, నీటి పాములు తినివేయును. ఒక్క పూట కూరకు ఒక గుంపు అంతయు నశించును.

ఈ గుణము మన చేపకే పరిమితము కాదు. ఉత్తర అమెరికాలో స్మాల్‌మౌత్ బాస్ అను చేపను గాలముతో పట్టుట గొప్ప వేడుక. అందును మగ చేపయే గూటికి కాపలా. అందువలన అక్కడ కొన్ని ప్రాంతములలో గుడ్ల కాలమున దానిని పట్టరాదని నియమము పెట్టినారు.

కావున ఎర్రని పిల్లల గుంపు కనిపించినచో అక్కడ గాలము వేయకుడు. పొరపాటున పెద్ద చేప చిక్కినచో, చేతులు తడిపికొని ముల్లు తీసి, వెంటనే ఆ చోటనే విడువుడు. పిల్లలు ఎరుపు పోయి బూడిద వన్నెకు తిరిగి చెదరిపోయిన తరువాత పట్టుటకు అభ్యంతరము లేదు.

వేసవిలో పెద్ద కొర్రమీనులను పట్టుటలో మరియొక లాభమున్నది. వానాకాలమున చెరువులో బొచ్చె, రవ్వ పిల్లలను వదలునప్పుడు వాటిని తిను చేపలు తక్కువగా ఉండును. కొర్రమీనుకు గుడ్ల కాలమున విశ్రాంతి, చెరువులో వేసిన పిల్లలకు రక్షణ రెండును ఈ పద్ధతిలో లభించును.

గ్రామాధికారులకు మనవి

చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘమునకు గుత్తకు ఇచ్చియున్నచో, వారి అనుమతి లేనిదే గాలము వేయరాదని గ్రామమున తెలియజేయవలెను. విషము కలిపి, మందుగుండు పేల్చి, కరెంటు తీగ వేసి చేపలను చంపుట నేరము. అది మనుష్యుల ప్రాణములకును ముప్పు. తొలకరిలో పిల్లల గుంపులున్న అంచులను గుర్తించి, అక్కడ ఎవరును పట్టకుండునట్లు గ్రామసభలో తీర్మానించుకొనుట మంచిది.

రైతులు మరియొక జాగ్రత్త తీసికొనవలెను. వరి పొలములో పురుగుమందు వేసిన తరువాత కొన్ని దినములు ఆ నీటిని మురుగు కాల్వలోనికి వదలకుడు. ఆ కాల్వ చివరకు చేరునది చెరువునకే.

నీరు తగ్గు కాలమున పట్టుడు, పిల్లలను కాయు కాలమున విడువుడు. అప్పుడు మీ చెరువున కొర్రమీను ఏటేట నిలుచును, మీ పిల్లలకును గాలము వేయు భాగ్యము కలుగును.