పట్టపు మార్కులు - పరిశోధనా ద్వారము

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకును, అశోక్ నగరు శిక్షణాలయములకును బాగ్ లింగంపల్లి వీథులగుండ నిత్యము పోవు విద్యార్థులలో శాస్త్ర పరిశోధనము నభిలషించు వారును లేకపోరు. పట్టపరీక్షయందు మార్కులు తగ్గినచో డాక్టరేటు ద్వారము మూతపడునా యను ప్రశ్న వారిని, వారి తలిదండ్రులను బాధించుట సహజము.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022 నాటి నిబంధనల ప్రకారము, నాలుగేండ్ల పట్టమునందు నూటికి 75 మార్కులు గడించినవాడు నేరుగ డాక్టరేటు ప్రవేశమునకు అర్హుడగును. అంతకు తగ్గినవాడు ఎం.ఎస్సి. గాని, ఎం.టెక్. గాని చదివి 55 మార్కులు తెచ్చుకొనవలయును. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు మున్నగువారికి 5 మార్కుల సడలింపు గలదు. కావున మార్కులతో పనిలేదని యువకులకు బోధించుట వారిని వంచించుటయే. అయినను ఈ సంఖ్య గడప మాత్రమే. విశ్వవిద్యాలయము తానే ప్రవేశపరీక్ష జరిపినచో, దానికి 70 పాళ్లును, ముఖాముఖి పరీక్షకు 30 పాళ్లును విలువ నొసగవలయును. అమెరికాయందును పెక్కు విద్యాపీఠములు మార్కులతోపాటు ఆచార్యుల యోగ్యతాపత్రములను, విద్యార్థి యొనర్చిన పరిశోధనమును తూచి చూచును.

ఇందులకు మన ఆంధ్రుని చరిత్రమే నిదర్శనము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనున రెండు మారులు తప్పిరి. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు పాత్రులై, వ్రాతపరీక్షలు బాగుగ వ్రాసియు, ఎం.బి.బి.ఎస్.కు మారుగ దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. ఆ పట్టముతోనే 1923లో బోస్టను చేరి, హార్వర్డున ఉష్ణదేశ వైద్యమును చదివిరి. పిదప సైరస్ ఫిస్కెగారితో గలసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1930లో డాక్టరేటు లభించినది. అనగా పట్టము చెప్పలేని యోగ్యతను ప్రయోగశాల చెప్పినది!

సుబ్బారావుగారి పేరు చెప్పి చదువును ఉపేక్షించుట తగదు. మొదటి రెండేండ్ల మార్కులే పిమ్మట సగటును క్రిందికి లాగుచుండును. తొలినాటినుండియే జాగరూకత వలయును. తగ్గినవాడు నిరాశ చెందక, అధ్యాపకు నాశ్రయించి ప్రయోగశాలలో పనిచేసి, తన పనిని చూపవలయును. తలిదండ్రులు ఒక్క పరీక్షాఫలమును జూచి వానిని పరిశోధనమునుండి మరలింపరాదు.

విద్యాపీఠములకును ఒక బాధ్యత గలదు. మార్కులలో విద్యార్థి బుద్ధియే గాక, పరీక్షకుని పక్షపాతమును, పేదరికమును, రోగమును సైతము చేరియుండవచ్చును. గడపను నిలుపుడు, కాని చేసిన పనిని జూపువానికి ప్రక్కద్వార మొకటి తెరచియుంచుడు. అది లేనిచో ఇంకొక సుబ్బారావు వాకిటనుండియే మరలిపోవును, నష్టము దేశమునకే.