ఊరు పేరు లేని అంగడి

మన వీధిలో క్రొత్తగా ఒకడు అంగడి తెరచినచో, అతడెవరో, ఏ ఊరివాడో నాలుగు దినములలో అందరికిని తెలిసిపోవును. గది అద్దెకిచ్చినవారు, సరకు దింపిన బండివాడు, ప్రక్క దుకాణదారు, ఎవరో ఒకరు అతనిని ఎరిగియుందురు. ఇంటర్నెట్టులో వెలసిన అంగడికి గోడలు లేవు, ఇరుగుపొరుగు లేదు. అందమైన బొమ్మలు, సగము ధరలు, కొన్నవారి మెచ్చుకోలు మాటలు, ఇవన్నియు ఒక్క రాత్రిలో అమర్చుకొనదగినవే. సరకు మంచిచెడ్డలు తరువాత చూచుకొనవచ్చును. అమ్మువాడెవడో ముందు తేలవలెను.

చట్టము ఇందుకు కొంత సాయపడుచున్నది. 2020లో వెలువడిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమముల ప్రకారము, ఇంటర్నెట్టులో అమ్మకము సాగించు సంస్థ తన చట్టబద్ధమైన పేరును, ప్రధాన కార్యాలయపు చిరునామాను, ఫిర్యాదుల అధికారి వివరములను స్పష్టముగా ప్రకటింపవలెను. ఆ అధికారి ఫిర్యాదు చేరినట్లు 48 గంటలలో తెలుపవలెను. నెల లోపల పరిష్కరింపవలెను. ఇవేవియు కానరాక, ఒక్క వాట్సాప్ నంబరు మాత్రమే కనిపించిన చోట బేరమును అంతటితో చాలించుట మేలు.

తాము కంపెనీ అని చెప్పుకొనువారిని మరియొక గుర్తు అడుగవచ్చును. మన దేశమున నమోదైన ప్రతి కంపెనీకిని 21 స్థానముల గుర్తింపు సంఖ్య ఉండును. చూచుటకు చిక్కుముడివలె తోచినను, చదువుట నేర్చినచో అందులో చిన్న జాతకమే కలదు. మొదటి అక్షరము ఎల్ అయినచో ఆ కంపెనీ వాటాలు స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైనవి. యు అయినచో కానివి. తరువాతి ఐదంకెలు వ్యాపారపు తెగను, రెండక్షరములు రాష్ట్రమును, ఆపై నాలుగంకెలు పుట్టిన సంవత్సరమును తెలుపును. ‘ముప్పది యేండ్లుగా మీ సేవలో’ అని చాటుకొను కంపెనీ సంఖ్యలో 2023 అని ఉన్నచో, ఏమని అనుకొనవలెను? పాత భాగస్వామ్య సంస్థయే కంపెనీగా మారియుండవచ్చును. కాని ఆ సంగతి వారు చెప్పగలిగియుండవలెను. వస్తు సేవల పన్ను సంఖ్యలోను ఇట్టి ఆనవాలు కలదు. దాని మొదటి రెండంకెలు రాష్ట్రమును సూచించును: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశమునకు 37, ఢిల్లీకి 07.

ఇంతవరకు చూచి తృప్తిపడువారినే నేర్పరియైన మోసగాడు కనిపెట్టుకొని యుండును. అతడు దొంగ సంఖ్యను కల్పింపడు. నిజమైన కంపెనీ సంఖ్యను, ధ్రువపత్రమును ఎత్తితెచ్చి తన పుటపై అతికించుకొనును. మనము వెదకుదుము, కంపెనీ కనబడును, నమ్ముదుము. ఆ కంపెనీవారికి ఈ అంగడి సంగతియే తెలియదు! కావున విచారణ అవతలి వైపునుండి రావలెను. వారు పంపిన లింకును విడిచి, కంపెనీ వ్యవహారముల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటును మనమే తెరచి, నమోదైన చిరునామాను అంగడి చెప్పు చిరునామాతో పోల్చవలెను. అన్నిటికంటె గట్టి పరీక్ష చెల్లింపు వేళనే దొరకును. యూపీఐలో రహస్య సంఖ్య నొక్కకముందే డబ్బు అందుకొనువారి పేరు తెరపై కనబడును. అంగడి పేరు ఒకటి, ఖాతా పేరు ఎవరో ఒక వ్యక్తిది అయినచో వ్రేలు అక్కడనే ఆగవలెను.

తాళపు గుర్తును చూచి ధైర్యపడువారు పెక్కుమంది. మనము పంపు సమాచారమును దారిలో ఇతరులు చదువజాలరని మాత్రమే అది తెలుపును. లక్క ముద్ర వేసిన కవరైనను దొంగ చిరునామాకు వ్రాసినచో దొంగకే చేరును గదా. జనులు దీనిని నిజాయితీకి ముద్రగా పొరపడుచున్నారనియే, గూగుల్ వారు 2023లో తమ క్రోమ్ బ్రౌజరు చిరునామా పట్టీనుండి ఆ తాళమును తీసి వేరొక గుర్తు నుంచిరి.

ఇంత చూచినను డబ్బు పోయినచో, ఇంటిలో ఎవరేమందురో అని దాచుటవలన మోసగానికే మేలు. పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తుచుండును. ఏదో ఒకచోట నిలిచియుండగానే బ్యాంకువారు దానిని ఆపగలరు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి లావాదేవీ సంఖ్య, సమయము, మొత్తము చెప్పవలెను. తమ బ్యాంకునకును తెలుపవలెను. కొన్ని దినములు గడచిన పిమ్మట, పోయిన సొమ్ము రాబట్టెదమని, అందుకు ముందుగా కొంత రుసుము కట్టుమని మరియొకరు ఫోను చేయవచ్చును. వారును మొదటివారి తెగవారే.