ఇరుకు సందులో ఇద్దరు రాజులు

రా కన్నా, చదరంగం బోర్డు తెచ్చుకుని పక్కన కూర్చో. మన బంజారా హిల్స్‌లో బండరాళ్ల మధ్య సందులు చూశావుగా? ఏటవాలులో రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. సరిగ్గా అలాంటి చోటే మన గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు.

2024 డిసెంబరు 12, సింగపూర్. పద్నాలుగో ఆట, అదే చివరిది. అప్పటికి చెరో ఆరున్నర పాయింట్లు. తెల్ల పావులు అప్పటి ప్రపంచ ఛాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌వి, నల్లవి పద్దెనిమిదేళ్ల గుకేశ్‌వి. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు. అతని కోసం ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో మన గుంటూరు పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు.

డింగ్ ఆట మొదలుపెట్టిన తీరు తిరగేసిన గ్రున్‌ఫెల్డ్. గ్రున్‌ఫెల్డ్ అంటే 1922లో వియన్నా ఆటగాడు ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ మేటి ఆటగాడు అలెఖైన్‌ని ఓడించిన పద్ధతి. నడిబోర్డును అవతలి బంట్లకు వదిలేసి, పక్కనుంచి శకటుతో దాని మీద గురిపెట్టడం. నల్లవాళ్ల ఆయుధాన్ని డింగ్ తెల్లవాటితో, ఒక ఎత్తు ముందుగా వాడాడు.

అయినా అసలు రుచి చివర్లోనే ఉంది. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు. గుకేశ్‌కి ఒక్క బంటు ఎక్కువ. డ్రా అయిపోతుందనే అందరూ అనుకున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుల మార్పిడికి దిగాడు. అప్పటికి అతని శకటు మూలగడిలో ఉంది. ఖాళీ బోర్డు నడిమధ్య నుంచి శకటుకి పదమూడు గళ్లు అందుతాయి, మూల నుంచి ఏడే. అదీ ఒకే దారిలో. గుకేశ్ ఆ దారికి అడ్డంగా తన శకటుని పెట్టాడు, వెనక రాజు కాపలా. ఇక తప్పించుకునే గడి లేదు. శకట్లూ పోయాయి.

మిగిలింది రాజులు, బంట్లు. రాజులు ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్యలో ఒక్క గడి. అందులో ఎవరూ అడుగుపెట్టకూడదు. వంతు డింగ్‌ది. సందులో అయితే హారన్ కొడుతూ కాసేపు ఆగొచ్చు. చదరంగంలో 'ఇప్పుడు ఆడను' అనడం కుదరదు. రాజు పక్కకి తప్పుకుంటే నల్లరాజు ముందుకొచ్చేస్తాడు. 58 ఎత్తులకే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. అంతసేపు నిలబడి ఒక్క ఎత్తుతో పోగొట్టుకున్నాడని నాకు మనసు చివుక్కుమంది.

గుకేశ్ ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుంటూనే పావులన్నీ మళ్లీ తొలి గళ్లలో సర్దాడు.

ఆ ఇద్దరు రాజుల్నీ ఎదురెదురుగా పెట్టు. తెల్లరాజు నాది, వంతూ నాదే. ఎటు కదలమంటావో చెప్పు.