పొదిగే పెట్టెలో తేమ ఎంత?

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్)లోని డిగ్నాబాద్‌లో ఇంక్యుబేటర్ పెట్టినవారికి సందేహం రావచ్చు: చుట్టూ సముద్రపు గాలి ఉండగా పెట్టెలో నీళ్ళెందుకు?

లెక్క చూద్దాం. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిని 37.5 డిగ్రీలకు వేడిచేస్తే, నీటిఆవిరి తగ్గకపోయినా ఆర్ద్రత సుమారు 47 శాతానికి దిగుతుంది. వేడిగాలి ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకోగలదు కదా! కోడిగుడ్లకు 50–55 శాతం కావాలి. కనుక ఇక్కడ చిన్న గిన్నె చాలు. కర్నూలు వేసవిలో వెడల్పాటి పళ్ళెం కావాలి. నీటి లోతు కాదు, పైతలం వైశాల్యమే ముఖ్యం.

తేమ మితిమీరితే గుడ్డులోని నీరు బయటకు పోదు, గాలిగది పెరగదు. తొలి ఊపిరికి చోటులేక పిల్ల పెంకులోనే చనిపోతుంది. అందుకే తూచి చూడండి: 50 గ్రాముల గుడ్డు 18 రోజులకు సుమారు 44 గ్రాములకు రావాలి.

గుడ్డును కదపకపోతే పిండం లోపొరకు అంటుకుంటుంది. ఒకవైపు పెన్సిలుతో గుణకారపు గుర్తు, రెండోవైపు సున్నా వేసి రోజుకు 5 సార్లు తిప్పండి. బేసి సంఖ్య కనుక రాత్రిళ్ళు పైకుండే పక్క రోజూ మారుతుంది. 18వ రోజున తిప్పడం ఆపి, తేమను 65–70 శాతానికి పెంచాలి. లేకుంటే పొర ఎండి పిల్లను బిగిస్తుంది. పిల్లలను చూడాలని ఎంత ఉబలాటమున్నా అప్పుడు మూత తీయకండి.