భూసార కార్డులో ఖాళీ గడి అంటే సున్నా కాదు

పాసు పుస్తకంలో మడిచి పెట్టిన భూసార పరీక్ష కార్డు ఒకసారి బయటికి తీయండి. నత్రజని ఎదురుగా ఉన్న అంకె చూడండి. హెక్టారుకు 280 కిలోల కంటె తక్కువైతే ‘తక్కువ’ అనీ, 280 నుంచి 560 వరకు ‘మధ్యమం’ అనీ రాస్తారు. మీ చేలో 279 వచ్చింది, గట్టు అవతలి చేలో 281 వచ్చింది అనుకోండి. రెండు కిలోలకే నేల మారిపోతుందా? నేల మారదు గాని ఎరువుల లెక్క మారిపోతుంది.

‘తక్కువ’ అని తేలిన నేలకు సిఫారసు మోతాదు కంటె 30 శాతం ఎక్కువ వేయమంటారు. వరికి ఎకరాకు 40 కిలోల నత్రజని సిఫారసు అనుకుంటే మీకు 52 కిలోలు, గట్టు అవతలి రైతుకు 40 కిలోలే. ఆ 12 కిలోలు యూరియాలో లెక్కిస్తే 26 కిలోలు. 45 కిలోల బస్తాలో సగానికి పైమాటే.

కంప్యూటరులో పొలాల వివరాలు పట్టికలుగా ఉంటాయి. “280 కంటె తక్కువ ఉన్నవి చూపు” అంటే 279ని చూపుతుంది, 281ని వదిలేస్తుంది. మనం అలా మాట్లాడతామా? “నేల కాస్త బలం తక్కువండీ” అంటాం. ఆ ‘కాస్త’కు లెక్క కట్టే దారిని 1965లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లాట్ఫీ జాదే చూపాడు. దాన్ని ఫజ్జీ లెక్క అంటారు. మనం మసక లెక్క అనుకుందాం.

ఉదాహరణకు 250 వరకు పూర్తిగా తక్కువ, 310 దాటితే తక్కువ కానే కాదు, నడుమ మెల్లగా తగ్గుతూ పోతుంది అని పెట్టుకుందాం. అప్పుడు 279 సుమారు 52 పాళ్లు తక్కువ, 281 సుమారు 48 పాళ్లు తక్కువ. అదనపు యూరియా ఒకరికి పదమూడున్నర కిలోలు, మరొకరికి పన్నెండున్నర. ఇది ఇరుగు పొరుగు చేలకు తగిన తేడా. పట్టికలను ఇలా అడిగే పద్ధతుల మీద పరిశోధనలు చాలానే జరిగాయి. అయితే మన చేతికొచ్చే కార్డులో ఉండేది గీత గీసిన మాటే.

అంతకంటె పెద్ద చిక్కు ఖాళీ గడి. జింకు 0.6 పి.పి.ఎం. కంటె తక్కువైతే లోపం కింద లెక్క. మీ మట్టికి జింకు పరీక్ష చేయలేదు, గడి ఖాళీగా ఉంది. “0.6 కంటె తక్కువ ఉన్నవి చూపు” అంటే మీ చేను రాదు. “0.6, ఆపైన ఉన్నవి చూపు” అన్నా రాదు. రెండు జాబితాల్లోనూ మీరు లేరు! ఎవరైనా ఆ ఖాళీలో సున్నా కొట్టారో, లోపం లేని చేను కూడా లోపం జాబితాకెక్కుతుంది. సరిగా అడిగితే మూడు జాబితాలు రావాలి: లోపం ఉన్నవి, లేనివి, ఉండవచ్చునేమో తెలియనివి. మూడోది ఎవరూ అడగరు, అదే మన బాధ.

అంకె ఉన్నా అది మీ చేనిదేనా? 2015లో మొదలైన కార్డుల పథకంలో తరి పొలాల్లో రెండున్నర హెక్టార్లకు, మెట్టలో పది హెక్టార్లకు ఒక మట్టి నమూనా తీశారు. ఎకరం, రెండెకరాల ఆసామి కార్డులో పక్క చేని మట్టి ఫలితం ఉండవచ్చును.

కాబట్టి కార్డు పట్టుకుని మండల వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్ళినప్పుడు “ఈ గడి ఖాళీ, పరీక్ష చేశారా లేదా?” అని అడగండి. అంకె గీతకు దగ్గరగా ఉంటే “ఎంత మోతాదు తగ్గించవచ్చు?” అని అడగండి. మీ చేతనే తీసిన మట్టితో మళ్ళీ పరీక్ష చేయించండి.

ఈలోగా పైరును చూడండి. వరిలో ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఆకు పెళుసుగా విరుగుతుంటే జింకు లోపమని అనుమానించవచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. లోపం ఖాయమైతే మరుసటి పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేయాలి. భాస్వరం ఎరువుతో మాత్రం కలపకండి, రెండు మూడు రోజులు ఎడం ఉంచండి.