అబ్బూతో వీడియో కాల్ సరే, ముద్దకో కార్టూన్ వద్దు

ఫోన్‌లో రైమ్స్ మోగితేనే పాప ముద్ద మింగుతుంది. చాలా ఇళ్లలో ఇదే వరస. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఏడాది లోపు వారికి అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

మరి దుబాయ్‌లోనో, సౌదీలోనో ఉన్న అబ్బూ సంగతి? అయినవాళ్లతో అప్పుడప్పుడూ వీడియో కాల్‌కు అకాడమీ మినహాయింపు ఇచ్చింది. పాప "బూ" అంటే అబ్బూ నవ్వుతారు, మళ్లీ పిలుస్తారు. కార్టూన్‌కు పాప గొడవే పట్టదు, దాని పాట అది పాడుకుంటూ పోతుంది. పిల్లలకు మాటలొచ్చేది ఇలా పిలుపుకు బదులు దొరికినప్పుడే. కాల్‌లో కూడా అమ్మీ పక్కనే కూర్చుని "అబ్బూ ఏమంటున్నారు?" అని పాపను మాటల్లోకి లాగాలి. స్క్రీన్ వైపే చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిందో లేదో కూడా సరిగా తెలియదు. అందుకే అన్నం వేళ ఫోన్ కంటికి కనపడని చోట పెట్టాలి. మొదట్లో ఏడుపు తప్పదు.